ఒడలిమీది వ్రాత

గుంటూరునకు పడమటిదిక్కున నల్లపాడను ఊరు కలదు. ఊరనుట యిప్పుడు వాడుకమాత్రమే. 2012వ సంవత్సరమున నది గుంటూరు నగరపాలక సంస్థలో కలిసిపోయినది. అయినను రైలుస్టేషనునకు నల్లపాడే పేరు. నంద్యాలవైపు పోవు దారియు, పగిడిపల్లివైపు పోవు దారియు నచ్చటనే చీలును. మాఘమాసము ప్రవేశించునప్పటికి ఆ ప్రాంతమున కళ్ళములనిండ మిరపపండ్లు పరచియుండును. గాలి యెటు వీచిన నటు తుమ్ములును దగ్గులును. ఆ కాలమున నచ్చటి మనుష్యుల చేతులను చూచినచో వారి బ్రదుకును చదువవచ్చును. తొడిమలు తీయు స్త్రీల వ్రేళ్ళమంట నీళ్ళతో కడిగినంత మాత్రమున పోదు. ఆ కారము నీటిలో కరగునది కాదు, నూనెలో కరగునది. పత్తి తీయువారి గోళ్ళచుట్టును ఎండిన కాయల మొనలు గీచిన గీతలుండును. వారిలో వయసు మీరినవారి ముంజేతులపైని ఈ గీతలన్నిటికిని అడుగున, వెలసిన ఆకుపచ్చని రంగుతో మరియొక వ్రాత కనబడును. అదియే పచ్చబొట్టు.

మా పెద్దమ్మ ఆ యూరిలోనే యున్నది. ఎనుబది దాటినది. మొన్నటి మిరప తరుణమున నామెను చూడబోయితిమి. నిజము చెప్పవలెనన్న, చూచుటకంటె నొక పంచాయతీకి పోయితిమనుట సరి. ఆమె మనుమరాలు, అనగా మా యన్న కుమార్తె, కళాశాలలో డిగ్రీ చదువుచున్నది. నాలుగేండ్ల ప్రాయమున మరుగుచున్న గంజి మీద పడుటచే మెడ యెడమప్రక్కనుండి భుజముమీదుగా రొమ్ము పైభాగమువరకు ఆ పిల్లకు కాలినమచ్చ యేర్పడినది. నాటినుండి నేటివరకు నామె ఎండకాలమందును మెడవరకు మూసిన రవికలే తొడుగును. పెండ్లిండ్లలో ఛాయాచిత్రము తీయువారు కనబడిన చాలు, లోపలిగదిలోనికి పోవును. అట్టి పిల్ల, రెండేండ్లు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ముతో, ఆ మచ్చమీద తీగయు పూవులునుగల పచ్చబొట్టు పొడిపించుకొందునని యింటిలో చెప్పెను. ఇప్పటివారు దానిని టాటూ అందురు. తండ్రి ససేమిరా యనెను. "పత్రికలలో వ్రాయువాడవు, నీ మాట వినును, కాస్త బుద్ధి చెప్పు" మని మాకు కబురుచేసెను.

మేము బుద్ధి చెప్పితిమి. ఈ సంగతిని దాచుకొనుట న్యాయము కాదు గావున వ్రాయుచున్నాము. ముందుగా, ఇది చెరగనిది, ఇరువదియవ యేట నచ్చినది నలుబదియవ యేట నచ్చకపోవచ్చునని చెప్పితిమి. తరువాత, ఇది యొక వేలంవెర్రి యనియు, సినిమావారిని చూచి నేర్చినదనియు చెప్పితిమి. కడపట మాకు మిక్కిలి గొప్పగా తోచిన మాటను చెప్పితిమి: "అమ్మాయీ, మచ్చ నీ తప్పు కాదు. దానిని చూచి మొగము త్రిప్పుకొనువారిది తప్పు. నీవు దానిని కప్పుకొన్నచో వారి తప్పును నీవే యొప్పుకొన్నట్లు కాదా? సంస్కారము కావలసినది లోకమునకు గాని నీ చర్మమునకు కాదు." ఈ వాక్యము మాకెంతయు తృప్తినిచ్చినది. దీనినే యొక వ్యాసముగ వ్రాయవచ్చునని కూడ మనసులో ననుకొంటిమి.

ఆ పిల్ల మారు పలుకలేదు. మంచముమీద కూర్చున్న మా పెద్దమ్మ మాత్రము కళ్ళజోడు సవరించుకొని, "ఏంరా అబ్బాయ్, మచ్చ దాచుకుంటే తప్పని నువ్వంటివి. దాచుకోకపోతే పెళ్ళిచూపులకొచ్చినోళ్ళు లేచిపోతారని మీ అన్నంటాడు. ఇద్దరూ కలిసి ఇంతకీ దాన్నేం చెయ్యమంటారో తేల్చి చెప్పండి" అనెను. మేమును మా యన్నయు నొకరి మొగము నొకరము చూచుకొంటిమి.

ఆ ప్రశ్నకు నాడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. నాటినుండి యాలోచించినదానిని చదువరుల యెదుట పెట్టుచున్నాము.

పచ్చబొట్టు మనకు క్రొత్తది కాదు. టాటూ యను మాట పసిఫికు మహాసముద్రమందలి టహితి మున్నగు దీవుల భాషలనుండి, 1769లో కాప్టెన్ కుక్ అచ్చటికి పోయిన పిమ్మట, ఇంగ్లీషులోనికి వచ్చినది. మాట క్రొత్తదైనను పని పాతది. 1991లో ఆల్ప్సు పర్వతములలో మంచుక్రింద దొరకిన, ఇంచుమించు 5,300 ఏండ్లనాటి మనుష్యుని కళేబరముమీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టిరి. అందు పెక్కు నడుము, మోకాలు, చీలమండ, మణికట్టు మొదలగు తావుల నున్నవి. అవి నొప్పులకు చేసిన చికిత్సయేమో యని పండితులు కొంద రూహించిరి. మన పల్లెలలోను కీళ్ళనొప్పులకు పచ్చబొట్టు పొడిపించుకొన్న ముసలివారు లేకపోలేదు.

మన దేశమున నీ పనిని పెక్కుచోట్ల ఎరుకల స్త్రీలు చేయుచుండిరి. బుట్టలల్లుట, సోది చెప్పుట, పచ్చబొట్లు పొడుచుట వారి జీవనాధారములు. ఆదిలాబాదు అడవులలోని రాజగోండు స్త్రీలకు తోటి కులపు స్త్రీలు పొడుచువారు. 1909లో థర్‌స్టన్ దొర ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమునందు ఈ మసి చేయు విధము వర్ణింపబడినది. పసుపును అవిసె ఆకును కలిపి నూరి, గుడ్డపై పూసి, వత్తిగా చుట్టి, ఆముదపు దీపమున వెలిగించి, పైన క్రొత్తకుండ బోర్లించి, దాని లోపల పట్టిన మసిని గీకి, చనుబాలతోగాని నీళ్ళతోగాని కలిపెడివారు. నాలుగైదు సూదులను దారముతో కట్టి పొడిచి, చన్నీళ్ళతో కడిగి పసుపు రాచెడివారు. కూలి ధాన్యరూపమున ముట్టెడిది. మసి నల్లనిదే యైనను చర్మము క్రిందినుండి చూచువారికి నీలిపచ్చగా కనబడును. పచ్చబొట్టను పేరు అందుచేతనే తగియున్నది.

పచ్చబొట్టును గూర్చి మన స్త్రీలలో నొక నమ్మకముండెడిది. నగలు కొడుకులు తీసికొందురు, కోకలు కోడండ్రు తీసికొందురు, చచ్చినప్పుడు వెంట వచ్చునది పచ్చబొట్టొక్కటే యని. ఈ నమ్మకమును మూఢమని నవ్వుట సులభము. కాని తనదని చెప్పుకొనుటకు గజము భూమిలేని స్త్రీ, ఎవ్వరును లాగుకొనలేని సొత్తొక్కటి కావలెనని కోరుకొన్నదన్న సంగతి ఆ నవ్వులో మరుగుపడును.

ఇక వ్రాసినవారి మాట. పచ్చబొట్టు పొడుచు ఎరుకల స్త్రీ యితరుల చేతులమీద వ్రాయుచుండగా, ఆమె వ్రేళ్ళ ముద్రలను సర్కారువారు తీసికొనుచుండిరి. నేరస్థజాతుల శాసనము 1871లో ఉత్తరదేశమున పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించినది. పుట్టుకచేతనే నేరస్థులని యెంచబడిన కులములలో ఎరుకలవారును చేర్పబడిరి. బాపట్లకు చేరువనున్న స్టూవర్టుపురము అట్టివారికొరకు సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున నేర్పడిన వసతియే. మద్రాసు రాజధానిలో నా శాసనము 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయినది. రద్దయిన పిమ్మటను ఆ పేరు ఎంతకాలము వెంటాడెనో ఈ మండలమువారికి చెప్పనక్కరలేదు. సూదిలేకయే పొడుచు పచ్చబొట్టది. దానిని చెరిపివేయు యంత్రము నేటికిని పుట్టలేదు.

సూదితో పొడిచి నేరమును నుదుట వ్రాసిన కాలము కూడ కలదు. 1797లో బంగాళమునందును, తరువాత 1802లో మద్రాసునందును, యావజ్జీవ శిక్ష పడినవారి నుదుట వారి నేరమును పచ్చబొట్టుగ పొడుచు పద్ధతిని కంపెనీవారు చట్టముచేసిరి. 1849లో దానిని మానిరి. అట్టి వ్రాతను తలపాగ దిగలాగి దాచుకొనువా రుండిరట. దాసీలకు, బసివిగ విడువబడిన బాలికలకు భుజముమీద కాల్చిన ముద్ర వేయుటయు నీ కోవలోనిదే. దేవునికి సమర్పించితిమని పెద్దలనిరి. ఎవరు సమర్పించిరి, ఎవరి దేహమును సమర్పించిరి యని యడుగుటకు 1947 నాటి మద్రాసు దేవదాసీ శాసనమువరకు మన చట్టమునకు నోరు రాలేదు. ఆష్విట్జు బందీల యెడమచేతిపై నాజీలు పొడిచిన సంఖ్యలను చదువరు లెరుగుదురు. ఇటీవల ఆ బందీల మనుమలు కొందరు తాతల సంఖ్యనే తమ చేతులమీద ఇచ్ఛాపూర్వకముగ పొడిపించుకొనిరి. అంకె యదియే, రంగదియే. మొదటిది పశువునకు వేసిన ముద్రవంటిది, రెండవది తాతకు చేసిన నమస్కారము. ఇందువలన, వ్రాతలోని మంచిచెడ్డలు వ్రాతయందు లేవనియు, ఎవరు వ్రాయించిరన్న దానియందున్నవనియు మేము తీర్మానించుకొంటిమి. తన సమ్మతితో వ్రాయించుకొన్నది ధర్మము, బలవంతమున వ్రాసినది యధర్మము. ఇది నిష్కర్షగ తోచినది.

ఈ నిష్కర్షను మా పెద్దమ్మకు వినిపింపగా నామె దానిని నిలువనీయలేదు. ఆమె గడ్డముమీద మూడు చుక్కలు, నుదుట నొక చుక్క, ముంజేతిమీద తేలుబొమ్మ కలవు. "నన్నడిగి పొడిచార్రా? ఏడేళ్ళుంటయ్యేమో. మా అమ్మా, అత్తా, ఇంకో ఇద్దరూ కదలకుండా పట్టుకున్నారు. గుక్కపట్టి ఏడిచాను. మూడురోజులు మొహం వాచిపోయింది" అనెను. అట్లయిన అది యన్యాయము కాదా యని మేమడిగితిమి. ఆమె కొంతసేపూరకుండి, "మీ పెదనాన్న పోయినప్పుడు గాజులు తీశారు, బొట్టు తుడిచారు. నుదురు కడిగిందాకా ఊరుకోలా. దీన్ని మాత్రం తుడవలేకపోయారు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా అదొక్కటీ నాదే అనిపించేది" అని నుదుటి చుక్కను వ్రేలితో తాకి చూపెను.

గుంటూరున వితంతువులకొరకు పాటుపడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారివంటి మహనీయులను గూర్చి మేము చాల చదివితిమి, కొంత వ్రాసితిమి. వితంతువు నుదుటిని గూర్చి యెన్ని సభలు జరిగినవో, ఎన్ని తీర్మానములు చేయబడినవో! కాని, బలవంతముగ పొడిచిన యొక చుక్క, బలవంతముగ తుడుచు ఆచారము నెదిరించి నలుబదియేండ్లు ఒక స్త్రీ నుదుట నిలిచియున్నదని మేమెన్నడు నూహింపలేదు. ఏడేండ్లపిల్లను నలుగురు పట్టుకొనుట దీనివలన ధర్మము కాదు. అయినను, సమ్మతి యనునది వ్రాయునాటి మాటమాత్రమే కాదనియు, వ్రాత తనమీద పడిన పిమ్మట దానిని తనదిగ చేసికొను పని యొకటి కలదనియు నిప్పుడు తెలిసినది. అట్లే, సమ్మతితో పొడిపించుకొన్నది కూడ పిమ్మట పరాయిదైపోవచ్చును.

ఈ రెండవ దానికి నిదర్శనములు మన బజారులో కావలసినన్ని. అభిమాన నటుని మొగమును భుజముమీద, ప్రియురాలి పేరును మెడమీద, కులము పేరును ముంజేతిమీద పొడిపించుకొను యువకులను చూచుచున్నాము. వీరిలో కొందరు సైన్యములో చేరగోరుదురు. సైన్యపు నియమము స్పష్టము: మోచేయి లోపలిమడతనుండి మణికట్టువరకు ముంజేతి లోపలిభాగమునను, అరచేతి వెనుకభాగమునను తప్ప మరెక్కడను చెరగని పచ్చబొట్టుండరాదు. ఆచారముగల గిరిజనులకు మాత్రము మినహాయింపు కలదు. ముచ్చటపడి మెడమీద పొడిపించుకొన్న అక్షరములు జీవనోపాధికి అడ్డమైనప్పుడు వారు చర్మవైద్యుని గుమ్మమెక్కుదురు. లేజరు కాంతిని క్షణములో నతిస్వల్పభాగము ప్రసరింపజేసి రంగురేణువులను పగులగొట్టు విధమునకు మూలమైన సిద్ధాంతమును 1983లో అమెరికా వైద్యులిరువురు ప్రకటించిరి. నల్లరంగు త్వరగ పోవును, ఆకుపచ్చ మొండిది. ఒకనాటితో తీరదు, వారములు, నెలలు ఎడమిచ్చుచు పెక్కుమార్లు పోవలెను. మనవంటి చామనఛాయవారికి రంగుతోబాటు చర్మపు సహజవర్ణము కూడ పోయి తెల్లమచ్చ నిలుచు భయము కలదు. కులము పేరును చెరిపించుకొనగా తెల్లమచ్చ మిగిలిన చేతిని మేమొకసారి చూచితిమి. అందు పాత యక్షరముల ఆకారము చదువుటకు వీలుగనే యున్నది.

చర్మమును గూర్చి యిక్కడ కొంచెము చెప్పవలెను, ఏలనగా ఆ పిల్ల సమస్యలో సగము ధర్మశాస్త్రముది కాదు, చర్మశాస్త్రముది. మన పైచర్మము ఇంచుమించు నెలకొకసారి క్రొత్తదగుచుండును. గోరింటాకు ఎరుపు నిలువకపోవుట అందుచేతనే. అది పైపొరను దాటి పోదు. పచ్చబొట్టు సూది ఆ పొరను దాటి లోచర్మమున రంగు నింపును. అచ్చట శరీరరక్షణకై తిరుగు భక్షకకణములు ఆ రేణువులను శత్రువులనుకొని మ్రింగును గాని జీర్ణించుకొనలేవు. 2018లో ఫ్రాన్సుదేశపు మార్సేనగరమున ఎలుకలపై జరిపిన పరిశోధనవలన మరియొక వింత తెలిసినది: రంగును మ్రింగిన కణము చచ్చినప్పుడు, ఆ రంగును ప్రక్కకు పోనీయక క్రొత్తకణము మరల మ్రింగునట. కదలని గుర్తని మనమనుకొనునది లోలోపల చేతులు మారుచునే యున్నదన్నమాట. మా పెద్దమ్మ నుదుటి చుక్కను నలుగురు పట్టుకొని పొడిచినది ఒక్క దినమే. అటుపిమ్మట ఏడుపదులేండ్లకు పైగా దానిని కాపాడుచున్నది ఆమె దేహమే.

అన్ని తావులును సూదికి లొంగవు. కనురెప్పమీద చర్మము మిక్కిలి పలుచన. అరచేతను అరికాలను మిక్కిలి మందము. పైగా నిరంతరము ఒరయుచుండును గావున రంగు నిలువదు. మోచేతివద్దను మోకాలివద్దను మడతలలో గీత చెదరును. ప్రక్కటెముకలమీద మాంసము తక్కువ, నొప్పి యెక్కువ. ఊపిరి పీల్చినప్పుడెల్ల ఒడలు కదలుటచే పొడుచువాని చేయి తడబడును. కడుపు గర్భధారణవేళ సాగును. పొడుచుటకు కష్టమైన తావులలో కొన్ని చెరుపుటకు మరింత కష్టము. పాదములమీదను వ్రేళ్ళమీదను రక్తప్రసరణము మందము గావున, లేజరుతో పగిలిన రేణువులు త్వరగ కొట్టుకొనిపోవు. వీటన్నిటికంటె కష్టమైనది కాలినమచ్చ. అది చర్మమువలె కనబడును గాని దాని యల్లిక వేరు. ఒకచోట రంగును పీల్చును, ఒకచోట చిందించును. ఉబ్బిన మచ్చను మరల పొడిచినచో ఇంకను ఉబ్బవచ్చును. భుజము, రొమ్ము ఈ యుబ్బునకు ముఖ్యస్థానములు. మన దురదృష్టము, నల్లని చర్మమువారి కీ గుణ మెక్కువ. ఇది చాలనట్లు, సూది శుభ్రము కానిచో రక్తముద్వారా కామెర్లవ్యాధి సంక్రమించు ప్రమాదము. అందుచేతనే పచ్చబొట్టు పొడిపించుకొన్నవారు ఏడాదివరకు రక్తదానము చేయరాదని మన దేశమున నియమము. పూర్వము ఊరంతకు నొక్క సూదికట్టతో పొడిచిన దినములను తలచుకొన్న నొడలు గగుర్పొడుచుచున్నది.

అయినను వైద్యులే ఈ సూదిని ఔషధముగ వాడు సందర్భములు లేకపోలేదు. బొల్లి సోకిన పెదవులకు సహజవర్ణము నద్దుటకును, రాచపుండువలన స్తనమును కోల్పోయిన స్త్రీకి శస్త్రవైద్యులు మరల రూపము కల్పించిన పిమ్మట చూచుకమును చిత్రించుటకును దీనిని వాడుచున్నారు. రెండవదానిని లోకమెవ్వరును చూడరు. అట్లయిన ఆ స్త్రీ యెవరికొరకు చేయించుకొనుచున్నది?

ఈ ప్రశ్న మాకు తోచినది కాదు. ఆ పిల్ల మాటవలన తోచినది. రెండవదినమున, బుద్ధి చెప్పుట మాని, అడుగుట నేర్చుకొని, "ఎవ్వరును చూడని దీవిలో నీవొక్కతెవే యున్నచో అప్పుడును పొడిపించుకొందువా?" యని యడిగితిమి. కాదనునని మా యాశ. కాదన్నచో, ఇది లోకభీతియే గాని నీ యిచ్ఛ కాదని తేల్చివేయ దలచితిమి. ఆమె, "ఎవరూ చూడకపోయినా నేను చూసుకుంటాను కదా బాబాయ్" అనెను.

అప్పుడు మా మొదటి ఉపన్యాసము మాకే మరల వినబడెను. తప్పు లోకముదన్న మాట సత్యమే. దానిని నేటికిని వదలము. ఆడుపిల్ల చర్మమును చూచి బేరము చేయు పెండ్లిచూపులను, ఛాయ తెల్లబడునని అమ్ముడుపోవు లేపనములను మేము ఖండించుచునే యున్నాము. కాని ఆ సత్యమునుండి మేము తీసిన ఫలితమేమి? లోకము బాగుపడువరకు నీవు మచ్చను బహిరంగముగ మోయుము. నిన్ను చూచి లోకము నేర్చుకొనునని. అనగా మా సిద్ధాంతమునకు ఆ పిల్ల మెడను పలకగా వాడుకొనదలచితిమి. తండ్రి ఆమె దేహముమీద పెండ్లిమాట వ్రాయదలచెను. మేము సంస్కరణమాట వ్రాయదలచితిమి. ఇరువురిలో నొక్కరైనను కలము ఆమె చేతికీయలేదు. సంస్కర్తల యిండ్లలోని స్త్రీలు ఈ బాధను మనకంటె బాగుగ నెరుగుదురు. పరదా తీయించినవారును, పరదా వేయించినవారును మమ్మడుగలేదని వారిలో కొందరనుకొని యుందురు.

ఇందుకొక ప్రత్యుత్తరము కలదు. దానిని మరుగుపరచుట తగదు. సిగ్గువలన పుట్టిన కోరిక స్వేచ్ఛ యెట్లగును? చిన్ననాటినుండి అద్దమునుచూచి తలవంచుకొనునట్లు చేసిన లోకమే ఆ కోరికను కూడ నాటలేదా? నాటియుండవచ్చును. కాని యీ తర్కమును పట్టుకొని పోయినచో మనలో నెవ్వరికిని సొంతకోరిక మిగులదు. మేము తొడుగుకొను ఖద్దరు చొక్కాయు నితరుల చూపునుండి పుట్టినదే. కోరిక యెచ్చటనుండి వచ్చినదని మూలము త్రవ్వు హక్కు, తన కోరికల మూలమును త్రవ్వుకొన్నవానికే యుండవలెను. మేమట్టి త్రవ్వకము చేసియుండలేదు. మరియు, ఆ పిల్ల కోరినది మచ్చ లేదని నటించుటకు కాదు. ఆమె గీచుకొన్న చిత్రమును మాకు చూపెను. తీగ మచ్చ యంచుల వెంటనే ప్రాకుచున్నది. ముడుతపడిన చోట్ల ఆకులు, నునుపైన చోట్ల పూలు. మచ్చ ఆకారమును ఆమె యెంత శ్రద్ధగ చూచియుండకున్న అట్టి బొమ్మ రాదు. పదునారేండ్లు చూడనొల్లనిదానిని ఆ బొమ్మ గీయుటకై యామె మొదటిసారి తేరిపార చూచినది కాబోలు.

మా యన్నతో నీ మాటలన్నియు చెప్పలేదు. చెప్పినను వినువాడు కాడు. "పొడిపింపకున్నను మచ్చ యుండును, పొడిపించినను మచ్చ యుండును; పెండ్లివారికి రెండును నొక్కటే. చర్మవైద్యుడు సరేయన్న నీకేమి?" యని మాత్రమంటిమి. అతడు మిరపబస్తాల లెక్క చూచుకొనుచు, సరేననలేదు, కాదనలేదు. మరుసటి ఆదివారమున తానే స్కూటరుమీద కూతురిని గుంటూరునకు తీసికొనిపోయెను. లోపలికి మాత్రము రాక, వీధిలో బండిమీదనే కూర్చుండెను. మేము వెంట లోనికి పోయితిమి.

పొడుచువాడు పాతికేండ్ల యువకుడు. అతడు కాసులకు ఆశపడునని మేము ముందే యెంచి, గట్టిగ మాటలాడుటకు సిద్ధపడి పోయితిమి. అతడు ఆ పిల్ల చూపిన చిత్రమును ప్రక్కన పెట్టి, దీపము దగ్గరకు తెచ్చి, మచ్చను వ్రేలితో తాకి తాకి చూచెను. భుజముమీది భాగము పరుచుకొని, లేతగ, మెత్తగ నున్నది. మెడయెముక దగ్గర పలుపుత్రాడువలె ఉబ్బియున్నది. "ఇక్కడ నేను ముట్టుకోనండి. ఇంకా లేస్తుంది. డబ్బులిచ్చినా చెయ్యను" అని ఉబ్బినచోటును చూపి చెప్పెను. మెత్తని భాగమున కూడ నేడే తీగ మొదలిడ ననియు, చర్మవైద్యునికి చూపించి రమ్మనియు, ఆయన యొప్పుకొన్న పిమ్మట ఒక్క చుక్క మాత్రము పెట్టి, కొన్ని నెలలు వేచి, ఆ చుక్క ఉబ్బకున్న, చెదరకున్న, అప్పుడాలోచింతమనియు చెప్పెను. తీగ మెడవరకు ఎన్నటికిని పోదని తెలిసి ఆ పిల్ల కన్నులు చెమ్మగిల్లెను. మేమేదో యనబోయి, ఈసారికి ఊరకుంటిమి. ఆమెయే కొంతసేపటికి చిత్రమును తీసికొని, కలముతో మెడవైపు పోవు కొమ్మను కొట్టివేసి, భుజమువద్దనే తీగ మలుపు తిరుగునట్లు మరల గీచెను.

వైద్యుని యనుమతి రెండువారములకు వచ్చినది. చుక్కయు పడినది. ఆవగింజంత, భుజపుటంచున, మెత్తని భాగమున. పసుపు రాయవలదని వైద్యుడు చెప్పినందుకు మా పెద్దమ్మకు కొంత కోపము వచ్చినది. ఆమె మనుమరాలిని వాకిట వెలుతురులోనికి లాగి, కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకొని, చుక్కను చాలసేపు పరీక్షించి, "ఇదేనంటే? దీనికా ఇంత గొడవ? నాకు మూడు పొడిచార్రా ఒక్క పూటలో" అనెను. ఆ పిల్ల నవ్వెను. మెడవరకు గుండీలు పెట్టుకొను రవికె మీది రెండు గుండీలు వాకిటిలో, మా యందరి యెదుట, విప్పియే యున్నవి; పెట్టుకొనుట మరచెనో, మానెనో మేమడుగలేదు. కళ్ళములో కాయలన్నియు యార్డునకు చేరినవి. చుక్క ఉబ్బునా లేదా యన్నది తేలుటకు ఇంకను మూడునెలలు కావలెను.